దివిసీమ ఉప్పెనయు దానధర్మమును



మన సంఘ వార్షిక మహాసభా సంచికకు చరిత్ర విషయకమైన వ్యాసమొకటి వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. మన పూర్వులు ఏ రాజుల కొలువున నుండిరో, మన గోత్రములకు ఆ పేరులెట్లు వచ్చినవో వ్రాయుదునని వారు తలచియుందురు. అట్టి వ్యాసములు గడచిన సంచికలలో పెక్కులు వెలువడినవి. అందు రెండు మూడు నావియే. ఈమారు మఱియొక చరిత్రమును విన్నవింప సంకల్పించితిని. అది తామ్రశాసనములలో లేదు. మనలో అఱువదియేండ్లు దాటినవారి కన్నులలో నున్నది. వారు గతించినచో దానిని చెప్పువారుండరు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ శనివారమునాడు దివిసీమను ముంచిన ఉప్పెనయు, దాని వెనువెంట మన సీమయందు పొంగిన దానధర్మమును ఈ వ్యాసమునకు విషయములు.

సముద్రము మన సీమపై లేచుట అదియే మొదలు గాదు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీన, అనగా రక్తాక్షి నామ సంవత్సర కార్తిక మాసారంభమున, మచిలీపట్టణమును సముద్రము కబళించెను. ఆ నెలకు ముందు నెలలోనే కలకత్తా పట్టణము తుపానుచే అల్లకల్లోలమై యుండెను. బందరునందు సముద్రజలము సామాన్యమైన పోటుకంటె 13 అడుగుల యెత్తున లేచి, 700 చదరపు మైళ్ళకు పైబడిన నేలను ముంచెననియు, సుమారు 30,000 మంది మరణించిరనియు ఆనాటి వ్రాతలు చెప్పుచున్నవి. ఆంగ్లవిద్యకు బందరున పాదువేసిన రాబర్టు నోబిలు దొరగారు ఆ కాళరాత్రిని కన్నులార చూచి, మఱుసటి సంవత్సరముననే బందరులో తనువు చాలించిరి. ఒకప్పుడు దేశదేశముల ఓడలు వచ్చి నిలిచిన రేవు ఆ దెబ్బనుండి పూర్వవైభవమునకు మరల రాలేదు. మా తాతగారు చిన్ననాట పెద్దలవలన విన్న బందరు ఉప్పెన కథను మాకు చెప్పుచుండెడివారు. ఆ కథలో నీరుండెను, చీకటియుండెను, కొట్టుకొనిపోయిన వారి పేరులుండెను. ఎవరు ఎవరికి గంజి పోసిరో, ఎవరు శవములను మోసిరో ఆ కథలో లేకపోయెను. నాశమును స్మరించి ఉపకారమును మఱచుట మనుష్య స్వభావము కాబోలును. 1977 నాటి కథకును అట్టి గతి పట్టకుండుటకే ఈ ప్రయత్నము.

దివిసీమ యననేమో దూరదేశములనుండి మహాసభకు విచ్చేసిన సోదరులకు రెండు మాటలలో చెప్పెదను. కృష్ణానది సముద్రమును చేరుటకు ముందు పులిగడ్డకడ రెండు పాయలై చీలుచున్నది. ఆ పాయల నడుమను, సముద్రమునకు ఈవలను ఉన్న లంకయే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అందలి ముఖ్యస్థానములు. కృష్ణమ్మ సాగరమును కలియు హంసలదీవి అచటిదే. వేణుగోపాలస్వామివారి ఆలయమచట నున్నది. నేల మిక్కిలి పల్లము; చేట వెనుక భాగమువలె చదునైనది. పండిన యేడు బంగారము పండును. పొంగిన యేడు నిలుచుటకు మిట్ట దొరకదు.

ఆ సంవత్సరమున తుపాను కేంద్రము తీరమును దాటినది దివిసీమకడ గాదు. పడమటి దెసనున్న చీరాలకడ. అట్లయినను దివిసీమయే మునుగుటకు కారణము కలదు. మన భూగోళార్ధమున తుపానుగాలి గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు ఎదురుగా తిరుగును. అందువలన తుపాను ముందునకు సాగునప్పుడు దాని కుడివైపున గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును. ఎడమవైపున నేలనుండి సముద్రముమీదికి వీచును. దివిసీమ ఆ కుడిచేతి వైపున చిక్కెను. తీరముకడ సముద్రము లోతు తక్కువ యగుటచేత గాలి త్రోసిన నీటికి క్రిందికి పోవు దారిలేక, సుమారు 5 మీటర్ల యెత్తున గోడవలె లేచి, గుడిసెలమీదను, సార్వా వరిచేలమీదను పడెను. పాలకాయతిప్ప, సొర్లగొంది, హంసలదీవి మొదలగు తీరగ్రామములు ఒక్క పూటలో రూపుమాసెను. ప్రభుత్వము లెక్కించిన మృతులు సుమారు 10,000 మంది; అంతకంటె నెక్కువయని జనులందఱును చెప్పుకొనిరి. పశువులు లక్షల సంఖ్యలో చచ్చెను. ఇండ్లు పోయినవారు లక్షలమంది. మృతులలో మిక్కిలి పెద్దభాగము తీరముననున్న బెస్తలు, కూలినాలి చేసుకొను నిరుపేదలు. మిద్దె యున్నవారు మిద్దెపై కెక్కి బ్రతికిరి. పూరిగుడిసెకు పైకప్పే లేచిపోయెను. ఈ మాటను చదువరులు మనసున నుంచుకొన వేడెదను. వ్యాసాంతమున దీనితో పనియున్నది.

నాకప్పుడు పదునేడేండ్లు. గుడివాడలో చదువుకొనుచుంటిని. ఆదివారము గడచి సోమవారమునకు గాని వార్త స్పష్టముగా తెలియలేదు. తంతితీగలు తెగిపోయెను, దారులకడ్డముగా చెట్లు కూలెను. తెలిసిన తరువాత మా వీధి పెద్దలు సత్రమున కూడిరి. గంటసేపటిలో చందా పట్టీ నిండెను. రెండవనాటికి బియ్యపు బస్తాలు, పప్పు, చింతపండు, చీరెలు, పంచెలు సత్రపు వసారాను నింపెను. మేము కుఱ్ఱవారము ఇంటింటికి తిరిగి జోలె పట్టితిమి. పొమ్మన్న గడప ఒక్కటియు లేదు.

అటుపిమ్మట వాదము పుట్టెను. లారీ ఎచ్చటికి పోవలెననుట. దివిసీమలో మనవారి యిండ్లు కొన్ని గ్రామములలో గలవు. ఇచ్చినది మనవారు గనుక మొదట మనవారికే చేరవలెనని కొందఱు పెద్దలనిరి. వారిది దుష్టబుద్ధి యని నేననను. తనవాడు నీటిలో నున్నాడని విన్నవానికి మనస్సు ముందుగా అటే పరుగెత్తును. ఆ సభలో ఎవ్వరును వారికి ఎదురు చెప్పలేదు. లారీ మనవారి గ్రామములకే పోవునట్లు నిశ్చయమయ్యెను.

లారీకి బస్తాలెత్తుచుండగా ప్రక్క వీధి కుమ్మరి యొకడు బండిమీద ముప్పది కుండలు, గడ్డి పొదివి తెచ్చి సత్రపు వాకిట నిలిపెను. కుండలెందుకని మాలో నొకరు నవ్విరి. అతడు, “బాబుగారూ, బియ్యం పంపుతున్నారు, బాగానే ఉంది. ఇల్లే కొట్టుకుపోయిందంటిరి గదా, వండుకోటానికి కుండేదండీ?” అనెను. వెల యెంతయని అడుగగా మాట వినిపించుకొననట్లే బండి మరల్చుకొని పోయెను. చందా పట్టీలో అతని పేరు వ్రాయబడలేదు. వ్రాయవలెనని మాకు తోచలేదు. అతని పేరేమో నాకీనాటికిని తెలియదు.

పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి దారిని, అడ్డుపడిన చెట్లను నఱకించుకొనుచు, మూడు పూటలకు పులిగడ్డ చేరితిమి. దారిపొడవున దుర్వాసన. చచ్చిన గొడ్లు కాలువలను పూడ్చివేసెను. పులిగడ్డ అక్విడెక్టు దాటి అవనిగడ్డకు పోవుసరికి మేము తలచిన గ్రామములకు లారీ పోవు దారియే లేకుండెను. అప్పుడు విధిలేక సరకులనచటనే దించి, బడి యావరణమున తలదాచుకొన్న వారికి పంచితిమి. వారందఱును తీరమునుండి వచ్చిన బెస్తలు, మాలమాదిగలు, యానాదులు. పెద్దల నిశ్చయమును కాదనునంతటి ధర్మబుద్ధి మాకు లేదు. కూలిన దారియే మాచేత ధర్మము చేయించెను. ఈ సత్యమును దాచుట నాకిష్టము లేదు.

అచ్చట నేను బియ్యము కొలుచుచుండగా ఒక బెస్త యవ్వ వచ్చెను. ఇంట పదునొకండుగురిలో ఆమెయు ఒక మనుమడును మిగిలిరట. “బియ్యం తర్వాత ఇద్దువుగాని నాయనా, ముందు గుక్కెడు మంచినీళ్ళుంటే పొయ్యి,” అనెను. చెఱువులన్నియు ఉప్పుకసమై పోయెను గదా! మేము వరి గింజను గూర్చి తలచితిమి గాని నీటిచుక్కను గూర్చి తలపలేదు. లారీలో మాకై తెచ్చుకొన్న క్యాను నీరు కుమ్మరి కుండలో పోసి ఆమెకిచ్చితిమి. మేము ఏ కులమువారమని ఆమె యడుగలేదు. ఆమెది ఏ కులమని అడుగుటకు మాకును నోరు రాలేదు.

ఆ మఱునాడు శవసంస్కారమునకు కొందఱు యువకులు కావలెనని కబురు వచ్చెను. మాలో కొందఱు పోయిరి. నేను పోలేదు. మైల యనియు, ఇంట తెలిసిన కోపింతురనియు సాకు చెప్పితిని, నిజమునకు భయపడితిని. సాయంకాలము వారు తిరిగివచ్చి ఒడలు కడుగుకొని, అన్నము ముట్టక, మాటాడక కూర్చుండిరి. రెండవనాడు నేనును పోతిని. అచటి విషయములను వర్ణింపను. గుర్తుపట్టుటకు బంధువు లేని శవములవి. బందరునుండి, విజయవాడనుండి, ఊరు పేరు తెలియని మఱి పెక్కు చోట్లనుండి వచ్చిన యువకులు ముక్కులకు గుడ్డలు కట్టుకొని వరుసగా మోసి, కట్టెలు చాలనిచోట్ల ఒక్క చితిపైననే పలువురను ఉంచి దహించిరి. ఆ యువకుల పేరులు ఏ శిలాఫలకముమీదను చెక్కబడి నేను చూడలేదు.

తరువాత సంస్కృతము చదివిన కాలమున పరాశరస్మృతియందు అనాథప్రేత సంస్కారమును గూర్చిన ధర్మము నా కంటబడెను. దిక్కులేని శవమును మోసినవారికి అడుగడుగునకు యజ్ఞఫలము కలుగుననియు, స్నానమాత్రముననే వారు శుద్ధులగుదురనియు దాని తాత్పర్యము. మైల యని నేను జంకిన దానిని స్మృతికారుడు యజ్ఞమనెను! కాని ఆ వచనము ద్విజులకు, బ్రాహ్మణ శవమునకు పరిమితమైనది. దివిసీమ యువకులు ఆ పరిమితిని పాటింపలేదు. స్మృతి తెలిసి ఉల్లంఘించినవారును కారు. అనాథయనగా నాథుడు లేనివాడు. ఆ నీటిపాలైన వేలమందికి నాథుడెవడు? స్మృతికారుడు నాటిన బీజమును వారు వృక్షము చేసిరనియే నా నమ్మకము.

ఆ దినములలో సాయమునకు వచ్చినవారిని తలచుకొన్నచో మన దేశముపై గౌరవము పెరుగును. అవనిగడ్డ ప్రతినిధియు, నాటి రాష్ట్ర మంత్రివర్యులును అగు మండలి వెంకట కృష్ణారావుగారు తమ సీమ పునరుద్ధరణమునకై అహర్నిశలు పాటుపడి దివిసీమ గాంధీ యను పేరు గాంచిరి. నిమ్మకూరున పుట్టిన నందమూరి తారక రామారావుగారును, రామాపురమున పుట్టిన అక్కినేని నాగేశ్వరరావుగారును, అనగా మన గుడివాడ ప్రాంతపు బిడ్డలిరువురును, తోడి నటీనటులను వెంటగొని ఊరూర జోలె పట్టిరి. వెండితెరమీద రాజులై వెలసినవారు వీధిలో యాచకులై నిలుచుట జనుల హృదయములను కరగించెను. మదర్ థెరిసాగారు వచ్చి దుఃఖితులను ఓదార్చిరి. రామకృష్ణ మిషనువారు వచ్చిరి. రాష్ట్రీయ స్వయంసేవక సంఘమువారు వచ్చిరి. దేవుడు లేడను విజయవాడ నాస్తిక కేంద్రమువారును వచ్చిరి. దేవుడు కలడనువారును లేడనువారును ఒక్క బురదలో నిలిచి పనిచేసిరి. ఆ బురదలో ఎవరి మతమెట్టిదో పోల్చుకొనుట కష్టము.

అయినను చరిత్రకారుడు స్తుతిపాఠకుడు గారాదు. భగవద్గీతయందు సాత్త్విక దానమునకు దేశము, కాలము, పాత్రము అను మూడు పరీక్షలు చెప్పబడినవి. అంతకుముందుగా మఱియొకటి: ప్రత్యుపకారము చేయజాలని వానికి, ఇవ్వవలసినదను బుద్ధితో ఇచ్చుట. ఈ గీటురాతిపై ఆనాటి మన దానమును గీచి చూతము.

దేశమును గూర్చి: నేను చూచినంతలో లారీలు నిలిచిన రహదారి ప్రక్క బస్తాలు గుట్టలుపడెను. బురదలో నాలుగు క్రోసులు నడచిన గాని చేరరాని గూడెములకు ఆలస్యముగాను, కొలదిగాను చేరెను. సాయము నడువగలవానికి దొరకెను, నడువలేనివానికి దొరకలేదు. కాలమును గూర్చి: మొదటి పది దినములలో వండిన అన్నము మిగిలి పాడయ్యెను, రెండు నెలల తరువాత, ఉప్పు పట్టిన చేలలో దున్నుటకు ఎద్దు లేక, వేటకు పడవయు వలయు లేక జనులు కూర్చున్నప్పుడు జోలె పట్టినవారు అరుదైరి. పాత్రమును గూర్చి: చినిగిన పాతబట్టలు మూటలుగా పంపి, పెట్టె ఖాళీ యైనందుకు సంతసించినవారును కలరు, ఆ బట్టలు దారిప్రక్క వానకు తడిసి కుళ్ళెను. ఇక ఒకానొక నిధికి నేను నా బాల్యపు డబ్బీ పగులగొట్టి ఇచ్చిన రూపాయల లెక్క నాకీనాటికిని తెలియలేదు. ఆ నిధి జమాఖర్చు ఎన్నడును ప్రకటింపబడలేదు.

ప్రత్యుపకారమను పరీక్షయే మన సంఘమునకు ముఖ్యమైనది. మన కులమువానికి మనము చేసిన సాయము నేడు కాకున్న రేపు మనకు మరలివచ్చును. పెండ్లిలో కట్నముగానో, ఎన్నికలో ఓటుగానో, ఆపదలో అండగానో వచ్చును. అది మంచిదే, సంఘములున్నది అందుకొఱకే. కాని దానికి బదులు అని పేరు గాని దానమని పేరు గాదు. ఆ బెస్త యవ్వ మనకేమి తిరిగి ఇయ్యగలదు? ఆమెకు పోసిన గుక్కెడు నీరే ఆ లారీలోని సరకంతటిలో గీతాచార్యుడు ఒప్పుకొను దానము. ఆ కుండ మనది గూడ గాదు, కుమ్మరిది. మిద్దెలున్నవారు బ్రతికిరి, గుడిసెలున్నవారు పోయిరి అని ముందు వ్రాసితిని. దివిసీమలో మనవారిలో పెక్కురు మిద్దెలున్నవారు. మిద్దెకే మొదటి బస్తా పోవలెనని సత్రములో నిశ్చయించితిమనుట మన చరిత్రలోని భాగము. దానినిగూడ ఈ సంచికలో అచ్చువేయుట ధర్మము.

ఉప్పెన మనకు కొంత నేర్పెను. తీరమున తుపాను ఆశ్రయ భవనములు వెలసెను. మచిలీపట్టణమున తుపానులను కనిపెట్టు రాడారు నెలకొల్పబడెను. 1990వ సంవత్సరము మే 9వ తేదీన కృష్ణా ముఖద్వారముకడ అంతటి ప్రచండమైన తుపానే తీరము దాటెను. కాని ముందుగా లక్షకు పైబడిన జనులను మిట్ట ప్రదేశములకు తరలించుటచేత మృతుల సంఖ్య 1,000 లోపల నిలిచెను. 10,000 మందికిని 1,000 మందికిని గల భేదము తుపానుయొక్క దయ గాదు; ముందు మేల్కొన్న మనుష్యుల శ్రమ. 2024వ సంవత్సరము సెప్టెంబరు మాసమున బుడమేరు పొంగి విజయవాడ వీధులు మునిగినప్పుడు మన పల్లెలనుండి అన్నపు పొట్లములు పోయినవి. పొట్లములతోపాటు మంచినీటి సీసాలును పోవుటను చూచి నాకు ఆ యవ్వ జ్ఞప్తికి వచ్చెను.

ఇక మహాసభకు నా విన్నపములు మూడు. మొదటిది: ఆపద వచ్చిన తరువాత పట్టీ వ్రాయుట మాని, ఏటేట కొంత ధనమును ఆపన్నిధిగా వేఱుపఱచి, దాని జమాఖర్చును ఈ సంచికలోనే, దాతల ఛాయాచిత్రములకు ముందు పుటలో, పైసలతోగూడ అచ్చువేయవలెను. రెండవది: మన యువకులలో ఈతయు, పడవ నడుపుటయు, ప్రథమచికిత్సయు నేర్చినవారి పట్టిక సిద్ధపఱచి, జిల్లా అధికారులకు ముందుగానే అందజేయవలెను. మూడవది: ఆ నిధినుండి ఇచ్చునప్పుడు కులమడుగరాదనియు, దారికి మిక్కిలి దూరమున నున్నవానికి మొదట చేర్చవలెననియు నిబంధన వ్రాసి తీర్మానింపవలెను. కులసంఘపు నిధికి కులమడుగరాదను నిబంధన యేమని కొందఱు నవ్వవచ్చును. కుండలెందుకని మేమును నవ్వితిమి.

ఈ మూడును ఆమోదింపబడునో లేదో నేనెఱుగను. నాకు అఱువదియైదేండ్లు, మఱియొక ఉప్పెనను చూడకుండ పోవుదునని ఆశ. సంచిక చివర దాతల నామావళి ముద్రింపబడునని వింటిని. అందు ఒక్క పంక్తిని ఖాళీగా విడువవలసినదని ముద్రాపకులను ప్రార్థించుచున్నాను. అది మా ప్రక్క వీధి కుమ్మరిది. దాని క్రింది పంక్తి దివిసీమలో శవములు మోసిన పేరు తెలియని యువకులది.

సర్వే జనాః సుఖినో భవంతు. ఇతి శమ్.